డోర్నకల్ కోత పండుగకు పోయి వచ్చినాం

కాజీపేటలో విజయవాడ వైపు పోయే బండెక్కితే డోర్నకల్‌కు రెండు గంటలు కూడా పట్టదు. వరంగల్, నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్, గార్ల, ఆ తర్వాత డోర్నకల్. రైల్వేవాళ్లకు అది జంక్షన్. కొత్తగూడెం, మణుగూరు లైను అక్కడే చీలుతుంది. సింగరేణి బొగ్గు అటు నుంచే మెయిన్ లైనుకు చేరుతుంది. మా ఆయన లోకో షెడ్డులో పనిచేసిండు కాబట్టి ఆయన నోట ఆ ఊరి పేరు వచ్చిందంటే బొగ్గు బండ్ల సంగతే. మా అమ్మ మాత్రం ఆ పేరు వేరే తీరుగా పలికేది. మన తాతలకు బాప్తిస్మం ఇచ్చిన అయ్యగార్లంతా అక్కడి నుంచి వచ్చినోళ్లేనని, చనిపోయేలోపు ఒకసారి అక్కడి చర్చి గుడిలో కూర్చోవాలని అనేది. కూర్చోకుండానే పోయింది.

నవంబరు ఆఖర్లో అక్కడ కోత పండుగ, అంటే కొత్త పంటను దేవునికి కానుకగా తెచ్చే పండుగ, ఉందని వదిన ఫోన్ చేసింది. వదినంటే మా ఆయనకు అక్క, దర్గా కాజీపేటలో ఉంటుంది. "ఆదివారం పొద్దటి బండికి పోదాం, తయారుగుండు" అన్నది. వస్తావా అని అడగలేదు. అడిగితే నేను రానని ఆమెకు తెలుసు.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన పోయినప్పుడు మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో అయ్యగారు ఏ వాక్యం చెప్పారో నాకు గుర్తు లేదు. ఎవరెవరు వచ్చారో కూడా సరిగా తెలియదు. కానీ దేవుడు నన్ను వదిలేశాడని మాత్రం ఒక్కరోజు కూడా అనిపించలేదు. నడిరాత్రి మెలకువ వచ్చి, పక్క మంచం ఖాళీగా కనబడినప్పుడు, చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న ఇరవై మూడో కీర్తనను పెదవుల మీద పెట్టుకుంటే సగం కూడా కాకముందే ఊపిరి నెమ్మదించేది. ఆ నెమ్మది నేను తెచ్చుకున్నది కాదు. నాకు అంత బలం లేదు.

తెల్లారిన తర్వాతే కష్టంగా ఉండేది. డయాలసిస్ రోజులు, మందుల వేళలు, కొలిచి పోసే నీళ్లు, ఉప్పు లేని కూర, నా దినమంతా ఆయన చుట్టూనే తిరిగేది. ఆ పని ఒక్కసారిగా ఆగింది. పిల్లలు పుణెలో, హైదరాబాద్‌లో ఉన్నారు. "అమ్మా, ఇప్పుడైనా రెస్ట్ తీసుకో" అంటారు. ఎవరికీ అక్కరలేని చేతులతో రోజంతా కూర్చోవడాన్ని రెస్ట్ అనరు. దేవుడు ఓదార్పు ఇచ్చాడు, ఇక నాకు పని మాత్రం ఏమీ మిగల్చలేదు అనుకుంటూ ఉండేదాన్ని. ఆ రెండూ వేరువేరు సంగతులన్నట్టే ఉండేది నాకు.

బండి నెక్కొండ దాటేసరికి రెండు వైపులా పత్తి చేన్లు తెల్లగా విచ్చుకొని ఉన్నాయి. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల ముందు వడ్ల కుప్పలు, వాటి మీద పరదాలు. వదిన దారి పొడుగునా పెద్దగా మాట్లాడలేదు. మహబూబాబాద్‌లో టీ తాగినాం. డోర్నకల్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం.

ఆ కెథడ్రల్‌ను, అంటే బిషప్‌గారి పెద్ద చర్చిని, ఫొటోల్లో చూసిన దానికీ, ఎదురుగా నిలబడి చూసిన దానికీ చాలా తేడా ఉంది. మూలల్లో మినార్లు, పైన గుంబజ్‌లు, కింద మన పాత గుడి మండపాల్లో ఉన్నట్టే స్తంభాలు. మసీదు ముందు పెరిగినవాళ్లకైనా, గుడి ముందు పెరిగినవాళ్లకైనా ఆ గడప కొత్తగా అనిపించదు. విదేశాల నుంచి తెచ్చి నాటినట్టు కాక ఈ మట్టిలోంచే లేచినట్టు ఉండాలని కట్టించిన మందిరం అది. 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రం వెంట నడిచి బాలయేసును చూసిన దినంగా సంఘం ఆచరించే ఎపిఫనీ పండుగ రోజది. మందిరానికి కూడా ఆ పండుగ పేరే పెట్టారు.

కట్టించింది బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. చిన్నప్పటి నుంచి వింటున్న కథే అయినా, ఆ రోజు దాకా అది నా కోసం కూడా అని నాకు అనిపించలేదు. ఆయన తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో, వెళ్ళాలన్‌విళై అనే ఊళ్లో, ఒక పల్లెటూరి పాస్టరు ఇంట పుట్టారు. వైఎంసీఏ అనే క్రైస్తవ యువకుల సంస్థలో మంచి స్థానంలో ఉండేవారు. తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులతో సువార్త పని చెయ్యాలని 1903లో ఒక మిషనరీ సంఘం మొదలైతే, దాన్ని మొదలుపెట్టినవారిలో ఈయన ఒకరు. 1909లో ఆ సంఘం తరఫున తానే డోర్నకల్‌కు వచ్చేశారు. ముప్పై అయిదేండ్ల వయసులో, భార్యాపిల్లలతో, తెలియని భాష ఉన్న చోటికి. తెలుగు అక్షరాలు దిద్దుకొని, అదే భాషలో ప్రసంగాలు చేసే దాకా నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఇంగ్లండు చర్చి నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి.

అంతకు రెండేండ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అక్కడ తెల్లదొరల ముందు నిలబడి, మీరు మాకు ఎన్నో ఇచ్చారు, ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారట. నాకు ఆ మాట చాలా ఇష్టం. అడిగి ఊరుకోలేదు, తిరిగి వచ్చి తానే స్నేహితుడయ్యారు. మాల, మాదిగ పల్లెల్లో, ఊరి బయటి గుడిసెల ముందు, కూలికి పోయి వచ్చినవాళ్ల మధ్య దీపం వెలుగులో కూర్చొని వాక్యం చెప్పారు. ఊరు దగ్గరికి రానివ్వని మనుషుల దగ్గరికి బిషప్ నడిచి వచ్చిండు. మా తాతలకు దేవుడు ఎట్లాంటివాడో అక్కడే తెలిసింది.

మేము పోయేసరికి ఆరాధన మొదలైంది. ఒక పెద్దామె జరిగి మాకు చోటిచ్చింది. "ఎక్కడి నుంచి బిడ్డా?" "కాజీపేట అమ్మా." "అయ్యో, అంత దూరం నుంచా, వందనాలు" అని నా చెయ్యి పట్టుకున్నది. ఆరాధన అయ్యేదాకా వదలలేదు.

ఆ రోజు వాక్యం కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయం నుంచి. మన శ్రమలో దేవుడు మనల్ని ఆదరించేది, అదే ఆదరణతో మనం ఇంకొకరిని ఆదరించగలిగేటందుకు అని అక్కడ ఉంది. నాకు తెలియని వాక్యం కాదు. మా ఆయన ఆదరణ కూడికలో కూడా ఇదే చదివారని వదిన తర్వాత చెప్పింది. అయ్యగారు చిన్న ప్రసంగమే చేశారు. పంటతో కలిపి చెప్పారు: విత్తనం వడ్లు వేరు, తినే వడ్లు వేరు అని రైతుకు తెలుసు, గాదెలో ఉన్న ప్రతి గింజా ఇంట్లోవాళ్లు తినడానికే కాదు అని. అంతే అన్నారు. నేను తల వంచుకున్నాను.

తర్వాత కానుకలు మొదలైనాయి. ఇది రాయకుండా ముందుకు పోలేను. కొత్త వడ్ల బస్తాలు భుజాన వేసుకొని మగవాళ్లు వచ్చారు. ఆడవాళ్లు చాటల్లో కందులు, పెసలు, ఎండుమిర్చి. గుమ్మడికాయలు, సొరకాయలు, అరటి గెల, చెరుకు గడలు. కాళ్లు కట్టిన కోళ్లు బలిపీఠం దాకా అరుస్తూనే పోయినాయి. ఒక చిన్న పిల్లగాడు రెండు గుడ్లు రెండు చేతుల్లో పట్టుకొని, పగులుతయేమోనని ఒక్కో అడుగే వేసుకుంటూ పోతుంటే డోలక్ కొట్టేవాళ్లు వాడి నడకకు సరిపోయేటట్టు తాళం నెమ్మది చేశారు. వాడు గుడ్లు పెట్టేసి వెనక్కి తిరిగి పరుగెత్తగానే గుడంతా చప్పట్లు.

ఆరాధన అయినాక బయట చెట్ల కింద వేలం. యూత్ పిల్లగాడు ఒకడు సొరకాయ ఎత్తి పట్టుకొని పాట మొదలుపెట్టిండు. ఒకాయన రెండు వందలకు పాడుకొని, మళ్లీ దేవునికే అని తిరిగి ఇచ్చేశాడు. ఇంకొకామె మూడు వందలకు పాడుకొని ఆమె కూడా ఇచ్చేసింది. ఆ సొరకాయ తిరిగి తిరిగి ఎవరింటికి చేరిందో నాకు తెలియదు. వదిన ఒక గుమ్మడికాయ మీద పట్టుపట్టింది. ఎదురుగా ఒక ముసలాయన కూడా పట్టుపట్టిండు. ఇద్దరూ పది పది పెంచుకుంటూ పోతున్నారు. చివరికి వదిన చీర కొంగు బిగించి "అయిదు వందలు!" అని అరిచేసరికి నేను నవ్వాను. కడుపు పట్టుకొని, కండ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఆయన ఉంటే ఆ గుమ్మడికాయ మోసేది ఆయనే. ఆ తలపు వచ్చింది, వచ్చినా నవ్వు ఆగలేదు. ఆయన్ని మర్చిపోతేనే సంతోషం వస్తుందేమో, అట్లాంటి సంతోషం నాకొద్దు అని ఇన్నాళ్లు బిగబట్టుకొని ఉన్నాను. దేవుడిచ్చే సంతోషం అట్లా దేన్నీ తుడిచెయ్యదు. ఆయన తలపునూ ఉండనిచ్చింది, నన్నూ నవ్వనిచ్చింది.

భోజనాలప్పుడు ఆ పెద్దామె మా పక్కనే కూర్చున్నది. వాళ్ల నాయనమ్మకు అజరయ్యగారే బాప్తిస్మం ఇచ్చారట. "అప్పట్ల ఊకె నీళ్లు పోసి పంపకపోతుండె బిడ్డా. చెయ్యి ఎవరి నెత్తి మీద వాళ్లనే పెట్టుకొమ్మంటుండెనట" అని తన చెయ్యి తన తల మీద పెట్టుకొని చూపించింది. ఆ కథ నేను విన్నదే. బాప్తిస్మం పొందినవాళ్ల చేత బిషప్‌గారు అట్లా చెయ్యి పెట్టించి, పౌలు మాట పలికించేవారు: "సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ." పలికినవాళ్లెవరు? పొద్దంతా ఇంకొకరి చేన్లో నడుము వంచినవాళ్లు, చదువు రానివాళ్లు, తమకే ఓదార్పు కావలసినవాళ్లు. మీరు ముందు కోలుకోండి, నేర్చుకోండి, తర్వాత చూద్దాం అని ఆయన అనలేదు. పొందిన రోజే ఇచ్చేవాళ్లను చేశారు. వాళ్ల నాయనమ్మ పురుళ్లు పోసే ఇంటికల్లా పోయి ప్రార్థన చేసి వచ్చేదట, ఏ కులం అని చూడకుండా.

నా చెయ్యి కూడా నా తల మీదికి పోయింది. వదిన చూసింది, ఏమీ అనలేదు. తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషి ఆమె. నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది.

అజరయ్యగారు 1945 జనవరి 1న కన్నుమూశారు. దక్షిణ భారతంలో సంఘాలన్నీ ఒక్కటి కావాలని 1919లో తమిళనాట తరంగంబాడిలో సంఘ పెద్దలతో కూర్చున్నప్పటి నుంచి ఆయన పాటుపడిన ఐక్యత 1947 సెప్టెంబరు 27న జరిగింది, సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, ఏర్పడింది. ఆయన చూడలేదు. మేము సాయంత్రం దాకా ఆ ఆవరణలోనే తిరిగి స్టేషన్‌కు వచ్చినాం.

తిరుగు బండి కిటకిటలాడుతూ ఉంది. మహబూబాబాద్‌లో ఒకామె ఎక్కింది, నలభై ఏండ్లుంటాయి, చేతిలో టిఫిన్ డబ్బా, దుప్పటి. కొడుకు బండి మీద నుంచి పడి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఉన్నాడట, ఫోన్ వస్తే బయలుదేరింది. వెంట ఎవరూ లేరు. భర్త మిర్చి తోటకు నీళ్లు పెట్టి రేపు వస్తాడట. ఫోన్ మోగినప్పుడల్లా వణికిపోతూ ఉంది. ఒకప్పుడు నేను ఆస్పత్రి వరండాల్లో అట్లానే వణికినదాన్ని. ఏ కౌంటరు దగ్గర ఏం అడగాలో, రాత్రి ఎక్కడ పడుకోవచ్చో, డాక్టరు రౌండ్‌కు వచ్చినప్పుడు ఏ కాగితం చేతిలో ఉండాలో, ఆ చదువంతా నాకు ఆయన జబ్బు నేర్పింది. ఎందుకూ పనికి రాని చదువని మూల పెట్టేశాను.

పక్కన కూర్చొని చెయ్యి పట్టుకున్నాను. "ప్రార్థన చెయ్యనా చెల్లె?" అన్నాను.

"మాది సమ్మక్క మొక్కు అక్కా" అన్నది, తప్పేమో అన్నట్టు. ఆ వెంటనే, "అయినా చెయ్యి. నా కొడుకు పేరు చెప్పి చెయ్యి" అన్నది.

చేశాను. పెద్ద మాటలేమీ రాలేదు. వరంగల్ స్టేషన్ వచ్చింది. మేము దిగాల్సింది కాజీపేటలో. వదిన నా మొహం చూసి, సంచి తన ఒళ్లోకి లాక్కొని, "గుమ్మడికాయ నేను తీసుకపోత. నువ్వు ఆమెతోని దిగు" అన్నది.

ఆ పిల్లగాడికి తొడ ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. వాళ్లున్నన్ని రోజులు మా ఇంటి నుంచి అన్నం పోయింది, కొన్నాళ్లకు మా చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రి నుంచి ఇంకో ఇద్దరు నాతో రావడం మొదలుపెట్టారు. వాళ్లు డిశ్చార్జి అయి వెళ్లిపోయినా మేము పోవడం ఆపలేదు. ఆ వార్డులో తోడు లేకుండా వచ్చేవాళ్లు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. కాగితాలు చదివిపెడతాం, టీ తెచ్చిస్తాం, కావాలన్నవాళ్లకు ప్రార్థన చేస్తాం.

మొన్న ఆమె ఫోన్ చేసింది. కొడుకు కట్టె పట్టుకొని నడుస్తున్నాడట, మిర్చి ఏరుడు మొదలైందట, కారం పట్టించుకోవడానికి మంచి కాయ పక్కన పెట్టిందట, వచ్చి తీసుకపొమ్మంటుంది. ఈ శనివారం వదినా నేనూ పోతున్నాం.