మాస్టారి పెరట్లో పుంజులు

డిసెంబరులో మన బడి బ్యాచ్ కలుసుకునే సందర్భంగా వేసే సావనీరుకి ఏదైనా రాసి పంపమని కమిటీ తరఫున పెదబాబు ఒకటే ఫోన్లు. "బడి గురించి రాయి, రెండు పేజీలు మించొద్దు" అన్నాడు. మైకు సంగతి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. తెలుగు మేడమ్ గారి గొడుగు గురించి లక్ష్మి తప్ప ఇంకెవరు రాసినా అది ఒప్పుకోదు. గంటల వెంకన్న గురించి కనీసం నలుగురు రాస్తారు. నేను రాయగలిగింది ఒక్కటే, బయాలజీ మాస్టారి పెరడు.

1997 జూలై. మనం తొమ్మిదో తరగతి. బడి వెనక పెంకుటింట్లో మాస్టారి నల్లపెట్ట పొదుగుకొచ్చింది. గంపలో గడ్డి వేసి, గుడ్ల మీద మన చేత పెన్సిలుతో తేదీ రాయించి పొదగేశారు. ఏడో రోజు రాత్రి దీపం ఆర్పేసి, టార్చిలైటు ముందు గుడ్డు పెట్టి లోపలి ఎర్రటి నరాలు చూపించారు. చంటి ఆ రాత్రి ఇంటికెళ్లనని మొండికేసింది గుర్తుందా? 21వ రోజు తెల్లారేసరికి గంపలో కిచకిచలు. పదకొండు పిల్లలు. వారం నిండాక కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా చుక్క కంట్లో ఎలా వెయ్యాలో మాస్టారు ఒక పిల్ల మీద చూపించి, మిగతావి మన చేతే వేయించారు. నెలకి మళ్లీ వేయించారు. ఆ దసరాకి కొక్కెర తెగులొచ్చి ఊళ్లో గూళ్లకు గూళ్లు ఖాళీ అయిపోతే, మన గూడు నిలిచింది. నేను పశువుల డాక్టర్ని కావాలని అనుకున్నది అప్పుడే. ఇంట్లో చెప్పడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

మేపడం మనదే. చెదలు తవ్వి తెచ్చే డ్యూటీ చంటిది, నూకలు, తవుడు నావి. పేర్లు పెడతామంటే మాస్టారు ఒక నియమం పెట్టారు. "పెట్టలకు మీ ఇష్టం. పుంజులను మాత్రం రంగుతో పిలవండి, చాలు." ఎందుకో అప్పుడే చెప్పేశారు, దాచలేదు. పొదిగిన పిల్లల్లో ఇంచుమించు సగం పుంజులే అవుతాయి. పది పెట్టలకి ఒక్క పుంజు చాలు. మిగతావి పెద్దయితే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, పెట్టల వీపులు చీరేస్తాయి. "గుడ్డు తినేవాడికి ఈ పుంజులు ఏమవుతాయో తెలిసుండాలి రా" అన్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో కోళ్ల గురించి ఇంతకన్నా సూటిగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

కానీ రంగు కూడా పేరే అయిపోతుందని మనకేం తెలుసు? ఎర్రదాన్ని డేగ అన్నాం. నెల తిరక్కుండా డేగా అంటే పరిగెత్తుకొచ్చేది. నా చొక్కా గుండీలు పొడిచేది. స్టడీ అవర్లో నా ఒళ్లో కూర్చునేది. సోషల్ మాస్టారు ఏమనేవారో మళ్లీ రాయను.

కనుమ దగ్గర పడింది. నాలుగు పుంజుల్లో కాకి అని పిలిచే నల్లదాన్ని ఒక్కదాన్నే ఉంచేస్తామని మాస్టారు చెప్పారు. సంక్రాంతి నాడు మధ్యాహ్నం మేత వేసి, ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ పెట్టలేదు. కడుపు ఖాళీగా ఉంటేనే పని శుభ్రంగా అవుతుంది. చీకటి పడ్డాక దండెం మీద కూర్చున్నవాటిని చప్పుడు లేకుండా ఒక్కొక్కటే తీసి గంప కింద పెట్టారు. పగలు తరిమి పట్టడం ఆయనకు అసలు నచ్చేది కాదు. చీకట్లో కోడికి చూపానదు, బెదరదు. కత్తి ఆ రాత్రే నూరారు.

తెల్లవారి మనల్ని వరసగా కూర్చోబెట్టి చెప్పిన మాటలు మీకూ గుర్తుండే ఉంటాయి. "ఉండేవాళ్లు ఉండండి. వెళ్లేవాళ్లు వెళ్లండి. వెళ్లినవాణ్ణి చూసి ఎవడైనా నవ్వితే వాడు రేపటినుంచి నా క్లాసుకి రానక్కర్లేదు." చంటి లోపలికి వెళ్లి అమ్మగారి పక్కన గారెల పిండి రుబ్బుతూ కూర్చుంది. పెదబాబు గోడ దాకా వెళ్లి తిరిగొచ్చాడు. నేను కదల్లేదు. మిగతా కోళ్లకు కనబడకుండా వాటిని బావి అవతలికి తీసుకెళ్లారు. డేగ వంతు వచ్చినప్పుడు మాస్టారు నా వైపు చూశారు. "నూకలు పెట్టిన చెయ్యి దానికి తెలుసు. నువ్వు పట్టుకుంటే బెదరదు. వద్దంటే నేనే పట్టుకుంటా."

పట్టుకున్నాను. రెక్కలు మూసి ఛాతీకి ఆనించుకుని, దాని గుండె నెమ్మదించేదాకా అలాగే ఉండమన్నారు. నాకు కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. ఆయన తుడుచుకోమని అనలేదు. "ఏడుపొస్తే రానీ. చెయ్యి మాత్రం వణకనివ్వకు. నువ్వు వణికితే నొప్పి దానికి." ఒక్క కోత. తర్వాత అది కొట్టుకుంటుంటే, ఇది నరాల కదలిక, దానికిప్పుడేమీ తెలియదని మెల్లగా చెబుతూ, పూర్తిగా ఆగేదాకా తన చెయ్యి నా చేతుల మీదే ఉంచారు. ఆగేదాకా ఎవరూ మాట్లాడలేదు.

ఆ తర్వాత అంతా పాఠమే. వేణ్నీళ్లలో ముంచి ఈకలు పీకడం, పసుపు రాసి ఎండు కొబ్బరి మట్టల మంట మీద కాల్చడం, కోసి గుండె, కార్జం, పక్కటెముకలకు అంటుకుని ఉన్న ఊపిరితిత్తులు చూపించడం. కందనకాయ చీల్చి అందులోని చిన్న చిన్న రాళ్లు నా అరచేతిలో వేశారు. పళ్లు లేని కోడి మేతను వీటితోనే నూరుకుంటుందని పుస్తకంలో చదివిందే. డేగ కందనకాయలోంచి తీసి చూపించాక ఇక మరిచిపోవడం నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం విస్తట్లో అమ్మగారు నాకు కూర వెయ్యలేదు. అడగనూ లేదు. గారెలు, అల్లప్పచ్చడి వేశారు. మాస్టారు మాత్రం తృప్తిగా తిన్నారు, ఎముకతో సహా నమిలారు, మెతుకు వదల్లేదు. పెంచినదాన్ని కోసి పారేసుకోవడం కన్నా పాపం లేదనేవారు.

పదో తరగతి గురించి నాకు రాయడానికేమీ లేదు. మార్కుల సంగతులు ర్యాంకులొచ్చినవాళ్లు రాసుకుంటారు. ఇంటర్ తర్వాత గన్నవరం వెటర్నరీ కాలేజీలో సీటొచ్చింది. మా వంశంలో మొదటి డాక్టర్ని నేనే. నాన్న ఆ రోజు ఊరంతా బెల్లం పంచాడు.

ఈ మధ్య వచ్చే ఫోన్లలో ఒక రకం ఎక్కువైంది. 2020 లాక్‌డౌన్‌లో పిల్లల కోసం సరదాగా కోడిపిల్లలు తెచ్చుకున్నవాళ్లతో మొదలైంది. "డాక్టర్ గారూ, పుంజులు కొట్టుకుంటున్నాయి, కొయ్యడానికి మనసు రావట్లేదు, ఇంట్లో అంతా టెన్షన్." వాళ్లను తేలిగ్గా తీసుకోను. మాస్టారు చెప్పినవే చెబుతాను. కోసుకునేవాటిని మూడో నెలనుంచే వేరే గూట్లో పెట్టండి. చీకట్లో పట్టండి. పదునైన కత్తి, నెమ్మదైన చెయ్యి ఉన్నవాళ్లనే పిలవండి. పిల్లలకు అబద్ధం చెప్పొద్దు, చూడమని బలవంతమూ చెయ్యొద్దు. ఆ రోజు తినలేకపోతే తినొద్దు. మనసు అసలే ఒప్పకపోతే పుంజును ఎవరికైనా ఇచ్చి, గుడ్ల కోసం పెట్టలను మాత్రం ఉంచుకోండి. మా పేటలో ఇద్దరు తోడికోడళ్లు ఒకరి పుంజులను ఒకరు మార్చుకుని వండుకుంటారు. అందులో తప్పేముంది? బాధ పడటం పెంపకంలో భాగమే. అస్సలు బాధ లేనివాడి చేతికి కోడిని ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు నాకూ డ్యూటీ పడింది. కిలోమీటరు లోపల ఫారం కోళ్లయినా, పెరటి కోళ్లయినా ఒకటే లెక్క, అన్నిటినీ చంపి పూడ్చాల్సిందే. ఒక ఇంట్లో మామ్మ గారు తన ఐదు పెట్టలను పోగు చేసి వాకిట్లో కూర్చుంది. "కోసుకు తినేదాన్నే బాబూ, నాకేం భయం లేదు. గోతిలో పూడ్చడానికి మాత్రం పెంచలేదు" అంది. ఆవిడకు చెప్పడానికి నా దగ్గర మాట లేదు. పీపీఈ సూట్ మీదనుంచే ఒక్కొక్కదాన్నీ ఛాతీకి ఆనించుకుని, అది నెమ్మదించాకే పని చేశాను. టీమ్‌లో కుర్రవాళ్లు తొందరపెట్టారు. నేను ఆగమన్నాను. అరగంట ఎక్కువ పట్టింది. ఆ రాత్రి మాస్టారికి ఫోన్ చేశాను. అంతా విని, "చెయ్యి వణకలేదు కదా" అని ఒక్కటే అడిగారు.

మా పెరట్లో ఇప్పుడు అసీల్ జాతివి, నాటువి కలిపి నలభై పైన ఉన్నాయి. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, చుక్కలు తనే వేస్తుంది. పెట్టలన్నిటికీ పేర్లున్నాయి.

డిసెంబరులో మనం కలిసే రోజు భోజనానికి కోళ్లు కొనొద్దు, మా పెరట్లోవే తెస్తాను. ముందు రోజు చీకటి పడే వేళకి పట్టడానికి ఇద్దరు కావాలి, పెదబాబు రావాల్సిందే. మాస్టారు వస్తానన్నారు, కుర్చీ నీడలో వెయ్యండి. చంటీ, నీకు గారెలూ అల్లప్పచ్చడీ వేరుగా చేయిస్తున్నాను.