ఆఫ్టర్‌కూలర్ లాగ్: సగం సగం కూలెంట్ నుంచి డిస్టిల్డ్ వాటర్ దాకా

సమస్య ఇది. ట్రాక్ మీద ఒకసారి గట్టిగా తొక్కితే కారు బాగానే లాగుతుంది. వెంటనే రెండోసారి, మూడోసారి తొక్కితే ఊపు తగ్గిపోతుంది. స్కానర్ పెట్టి చూశాను. బయట 31 డిగ్రీలు ఉన్నప్పుడు, మూడో పరుగు చివర్లో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి 71 డిగ్రీలు చూపించింది. అంత వేడి గాలికి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, అంటే స్పార్క్ ఆలస్యంగా ఇస్తుంది, పవర్ పడిపోయేది అక్కడే.

నా కారులో ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే సూపర్‌ఛార్జర్ ఉంది. అది నొక్కితే ఆ గాలి ఎంత వేడెక్కుతుందో లెక్క వేశాను. 30 డిగ్రీల గాలిని 0.7 బార్ బూస్ట్‌కి (బయటి గాలి పీడనం కన్నా అంత ఎక్కువకి) నొక్కితే, సామర్థ్యం 65 శాతం ఉందనుకున్నా, బయటికొచ్చేసరికి 100 డిగ్రీలు దాటుతుంది. దాన్ని చల్లార్చాల్సింది ఆఫ్టర్‌కూలరే. నా కారులో దీంట్లో ద్రవం తిరిగే సర్క్యూట్ పూర్తిగా వేరు: సొంత ఎలక్ట్రిక్ పంపు, ముందు సొంత రేడియేటర్, చిన్న ట్యాంకు, మొత్తం 4 లీటర్లు. కొన్ని కార్లలో ఈ సర్క్యూట్, ఇంజిన్ కూలెంట్ ఒకే ట్యాంకు వాడుకుంటాయి. అలాంటి వాటిలో నేను చేసినట్టు అస్సలు చేయకండి.

ఇన్నాళ్లూ ఇంజిన్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్‌నే సగం నీళ్లతో కలిపి ఇందులోనూ పోశాను. ఇంజిన్‌కి అది సరైనదే, అక్కడ మరగకుండా ఆపాలి. ఆఫ్టర్‌కూలర్ నీళ్లు మరిగే వేడి దగ్గరికి కూడా పోవు, కాబట్టి గ్లైకాల్ ఇచ్చే ఆ లాభం ఇక్కడ అక్కర్లేదు. నష్టం మాత్రం ఉంది. లీటరుకు లీటరు చూస్తే సగం సగం మిశ్రమం నీళ్ల కంటే దాదాపు 15 శాతం తక్కువ వేడిని మోస్తుంది. 40 డిగ్రీల దగ్గర అది నీళ్ల కంటే మూడు రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. ఇంజిన్ పంపుకి అది లెక్కలోకి రాదేమో గానీ, ఈ చిన్న ఎలక్ట్రిక్ పంపుకి, ఆఫ్టర్‌కూలర్‌లోని సన్నని దారులకి అది పెద్ద తేడా. నీళ్లు లేని కూలెంట్ల ఆలోచన కూడా ఇందుకే వదిలేశాను. అవి ఇంకా చిక్కన, వేడిని ఇంకా తక్కువ మోస్తాయి.

మరి ఉత్త నీళ్లే పోస్తే? ఇక్కడే నాకు నిజంగా టెన్షన్. ఆఫ్టర్‌కూలర్ కోర్ (నీళ్లు తిరిగే సన్నని దారుల భాగం) ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపలే, అంటే సిలిండర్లకి గాలి పంచే భాగంలోనే, కూర్చుంటుంది. తుప్పు తిని దానికి సూది మొనంత చిల్లు పడ్డా నీళ్లు నేరుగా సిలిండర్లలోకి పోతాయి. నీళ్లను పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. చలికి గడ్డకట్టి కోర్ పగిలినా అదే గతి. మా దగ్గర చలి సున్నా దాకా పోదు కాబట్టి నేను గ్లైకాల్ తీసేయగలిగాను. గడ్డకట్టే చోట ఉన్నవాళ్లు తమ చలికి సరిపడా గ్లైకాల్ ఉంచుకోవాల్సిందే. 30 శాతం సుమారు మైనస్ 15 దాకా కాపాడుతుంది. 20 శాతం కన్నా పలచన చేయడం మంచిది కాదు. తుప్పు ఆపే రసాయనాలు చాలవు, పైగా అంత పలచని గ్లైకాల్‌లో బ్యాక్టీరియా పెరుగుతుంది.

నా నిర్ణయం: డిస్టిల్డ్ వాటర్, అల్యూమినియానికి పనికొచ్చే తుప్పు నిరోధకం, డబ్బా మీద రాసిన పూర్తి మోతాదులో. కుళాయి నీళ్లు వద్దు. అందులోని కాల్షియం గారలా పేరుకుంటుంది, క్లోరైడ్ అల్యూమినియానికి గుంటలు పెడుతుంది.

కడగడానికి ఒక పూట పట్టింది. డ్రెయిన్ చేస్తే 3 లీటర్లే వస్తుంది, కోర్‌లో లీటరు మిగిలిపోతుంది. అందుకే ఒకసారి డిస్టిల్డ్ వాటర్ నింపి పంపు తిప్పినా గ్లైకాల్ 12 శాతం దగ్గరే ఆగింది. మూడోసారికి రిఫ్రాక్టోమీటర్ (గ్లైకాల్ శాతం కొలిచే పరికరం) దాదాపు సున్నా చూపించింది. తీసిన కూలెంట్‌ని డబ్బాల్లో పట్టి మూత బిగించాను. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగితే చచ్చిపోతాయి.

కొత్తది పోసి ట్రాక్‌కి వెళితే 74 డిగ్రీలు! ముందుకన్నా ఎక్కువ. ఆ రోజు చాలా దిగులు పడ్డాను. ఇంటికొచ్చి ట్యాంకు మూత తీసి పంపు ఆన్ చేస్తే, తిరిగొచ్చే ధార తెగి తెగి పడుతోంది. లోపల గాలి ఉండిపోయింది. కారు ముందు భాగం ఎత్తి, అన్నిటికన్నా ఎత్తున ఉన్న, గాలి బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ఇంజిన్ ఆపి పంపు మాత్రమే తిప్పుతూ, హోస్‌లు చేత్తో పిసుకుతూ గంట సేపు కూర్చున్నాను. బుడగలు ఆగి, ధార గట్టిగా వచ్చింది.

మళ్లీ అదే ట్రాక్, అదే గేరు, మూడు పరుగులు, బయట 31. ఈసారి 64.

అయితే 7 డిగ్రీలు తగ్గింది నీళ్ల వల్లా, గాలి తీయడం వల్లా? తెలియకుండా వదలబుద్ధి కాలేదు. పాత సగం సగం మిశ్రమాన్నే కొత్తగా కలిపి పోసి, అదే శ్రద్ధతో గాలి తీసి చూశాను: 68. అంటే గాలి తీయడం వల్ల 3, ద్రవం మార్చడం వల్ల 4. ఒక్క కారు, ఒక్కో పరీక్షే కాబట్టి వీటిని గట్టి సూత్రంగా తీసుకోకండి. కానీ కొత్త ద్రవం కొనేముందు మూత తీసి ఆ ధార ఒకసారి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు మళ్లీ డిస్టిల్డ్ వాటర్, నిరోధకం మీదే ఉన్నాను. షెడ్‌లో రెండు గాజు సీసాల్లో అల్యూమినియం ముక్కలు వేసి పెట్టాను. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఒకదాంట్లో కారులో పోసిన ద్రవం. మూడు వారాలకి మొదటి ముక్క మసకబారి తెల్లటి పొర కట్టింది, రెండోది ఇంకా మెరుస్తోంది. ఆరు నెలలకి ట్యాంకులోంచి కొంచెం తీసి ఆ సీసా పక్కన పెట్టి చూస్తాను.