నైస్ అనే ఒక్క మాట పట్టుకుని వొకాబులరీ చదివిన తీరు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం ఎస్‌ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్షకి చదివే తెలుగు మీడియం వాళ్లకి వొకాబులరీ అంటేనే టెన్షన్. మొదటి దశ టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, రెండో దశ టైర్-2లో 45. వదిలేస్తే కుదరదు. ఒంగోలు కర్నూలు రోడ్డులో రూమ్ తీసుకుని చదివిన రోజుల్లో నాకు బాగా పనికొచ్చింది మాటల పుట్టుక చూడటమే. అందుకే నైస్ సంగతి చెబుతాను.

నైస్ అంటే బాగుంది, మంచిది. ఇది బడిపిల్లలకీ తెలుసు. కానీ దీని మూలం లాటిన్‌లో నెస్కియస్. 'నె' అంటే కాదు, 'స్కిరె' అంటే తెలియడం. రెండూ కలిస్తే ఏమీ తెలియనివాడని అర్థం. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు నైస్ అంటే తెలివితక్కువ అనే! ఆ తర్వాత సుకుమారం, ప్రతిదానికీ వంకలు పెట్టడం, అతి సూక్ష్మం అంటూ అర్థాలు మారుతూ వచ్చి, 18వ శతాబ్దంలో గానీ 'బాగుంది' అనే అర్థం రాలేదు.

పరీక్షకి అసలు లాభం ఆ స్కిరెతోనే. సైన్స్, కాన్షెన్స్, అన్నీ తెలిసిన అమ్నిషియంట్, జరగబోయేది ముందే తెలిసిన ప్రెషియంట్, అన్నీ దాని పిల్లలే. అమ్నిషియంట్ పక్కనే అమ్నిపొటెంట్ (సర్వశక్తులూ ఉన్న), అమ్నిప్రెజెంట్ (అంతటా ఉన్న) ఆప్షన్లుగా పెడితే తికమకపడక్కర్లేదు. స్పెల్లింగ్ మధ్యలో ఎస్-సి-ఐ ఉన్నదే తెలివి సంగతి. నోట్‌బుక్‌లో మూలానికో పేజీ కేటాయించి, మధ్యలో మూలం, చుట్టూ మాటలు రాసుకునేదాన్ని. పినాకిని ఎక్స్‌ప్రెస్ రైల్లో నెల్లూరు వెళ్లేటప్పుడు ఆ పేజీలే తిరగేసేదాన్ని.

ప్యాసేజీలో 'ఎ నైస్ డిస్టింక్షన్' కనిపిస్తే మంచి తేడా అనుకోకండి. చాలా సూక్ష్మమైన తేడా అని. పాత అర్థం ఇంకా బతికే ఉంది.

గ్రామర్‌లో రెండు చూసుకోండి. 'ఇట్ ఈజ్ నైస్ ఆఫ్ యూ టు హెల్ప్ మీ' అన్నచోట మనిషి గుణం చెబుతున్నాం కాబట్టి 'ఆఫ్' రావాలి. 'ఎ నైస్ లిటిల్ హౌస్'లో అభిప్రాయం ముందు, సైజు తర్వాత.

నైస్ పక్క పేజీలో సిల్లీ రాసుకోండి. పాత ఇంగ్లిష్‌లో దాని మూలానికి దీవెన పొందిన, సుఖంగా ఉన్న అని అర్థం. తర్వాత అమాయకం, జాలిపడదగ్గ అని మారి, చివరికి తెలివితక్కువ అయింది. నైస్ సరిగ్గా ఎదురుదారిలో వచ్చింది. జంటగా చదివితే రెండూ ఒకేసారి గుర్తుంటాయి.