మల్లి పథ్యం

రాత్రి రెండింటికి టకటకమని చప్పుడు. మా కుక్క మల్లి వెనక్కాలితో చెవి గోక్కుంటుంటే కాలు నేలకి కొట్టుకునే చప్పుడది. గోకడం ఆపితే పాదాలు నాకడం. తెల్లటి వేళ్ల సందులన్నీ ఇటుక రంగుకి తిరిగాయి.

వేపాకు నీళ్లయ్యాయి, పసుపయ్యింది. తెలియక మా షాంపూతోనే స్నానం చేయిస్తే ఒళ్లు ఇంకా పొడిబారి పొట్టు రాలింది. డాక్టరుగారు చర్మం గీకి మైక్రోస్కోపులో చూశారు, గజ్జి కాదన్నారు. గోమార్లకి మందు వేసినా దురద తగ్గలేదు.

"ఏం పెడుతున్నారమ్మా?"

"చికెనూ అన్నం. రాత్రికి పెరుగన్నం."

కుక్కలకి ఎక్కువగా పడనివి బీఫ్, పాలు, చికెన్, గోధుమలట. ఏళ్లుగా తింటున్నదే పడకుండా పోవచ్చట. అదెప్పుడూ తిననిదేదైనా 8 వారాలు పెట్టమన్నారు, మధ్యలో ఇంకేదీ నోట్లో పడకూడదన్నారు.

మల్లి ఎరగనిది చేప. ప్రతి ఆదివారం రాంనగర్ మార్కెట్లో బొచ్చె కొట్టించుకొచ్చి, ఉడికించి, చిలగడదుంపతో కలిపేదాన్ని. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం కాబట్టి వాటి ఊసే లేదు. బొచ్చెలో సన్నటి చీలిక ముళ్లుంటాయి, వేళ్లతో నలిపి నలిపి తీయాలి. "నాకెప్పుడైనా ఇలా తీసి పెట్టావా?" అన్నారు మా ఆయన.

నాలుగు వారాలకి నాకడం సగం తగ్గింది. ఐదో వారం మళ్లీ టకటక. ఏమిటా అని చూస్తే, గేటు దగ్గర వాచ్‌మన్ తాత చాయ్‌లో ముంచిన బిస్కెట్ మల్లి నోటికందిస్తున్నాడు. పాలూ, గోధుమా రెండూ అందులోనే!

"ఒక్కటే గద బిడ్డా" అన్నాడు.

మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క. తాతకి రోజూ ఉడికించిన చిలగడదుంప ముక్కలు డబ్బాలో ఇచ్చేదాన్ని, పెట్టాలనిపిస్తే అవే పెట్టమని.

ఈసారి 8 వారాలూ నిండాయి, గోకి గోకి ఊడిన బొచ్చూ తిరిగొచ్చింది. పరీక్షకని చికెన్ పెడితే మూడో రోజే చెవి గోకింది. ఆపేశాం. తగ్గాక పెరుగన్నం పెట్టి చూశాం, ఏమీ కాలేదు. చేప, దుంప ఒక్కటే ఎల్లకాలం చాలవని డాక్టరుగారు కాల్షియం, విటమిన్లు రాశారు.

వానాకాలంలో ఇప్పటికీ కొంచెం నాకుతుంది. బయట తిరిగొచ్చాక తడిగుడ్డతో పాదాలు తుడిచి, వేళ్ల సందులు ఆరబెడతాను. వారానికోసారి డాక్టరు రాసిన షాంపూ పట్టించి, 10 నిమిషాలుంచి కడుగుతాను. ఆ 10 నిమిషాలూ బాత్రూంలో నాకూ స్నానమే.

మేం చికెన్ వండుకున్న రోజు మాత్రం వంటింటి గుమ్మం వదలదు.