విప్పుతున్నానని బిగించిన బోల్టు

వానాకాలం నాట్లు పడే రోజుల్లో హాలియా చుట్టుపక్కల తిరిగే ప్రతి బండి అడుగునా గట్టి మట్టి పెంకు ఒకటి కడుతుంది. సాగర్ ఎడమ కాలువ కింది పొలాల్లో దమ్ము చేసి వచ్చే ట్రాక్టర్ల ఇనుప చక్రాల నుంచి రాలిన బురదను మన బండి ముందు చక్రం ఎత్తి ఇంజను కిందికి చిమ్ముతుంది. ఇంజను వేడికి ఆ బురద ఇటుకలా కాలిపోతుంది. నాన్నగారి నుంచి నాకు వచ్చిన పాత 100 సీసీ బండికి ఇంజన్ ఆయిల్ మార్చాలని ఒక ఆదివారం పొద్దున కూర్చున్నప్పుడు, ఆ పెంకును చీరి, పాత ఆయిల్‌ను బయటికి వదలడానికి విప్పే డ్రెయిన్ బోల్టు తల కనిపించేలా చేయడానికే అరగంట పట్టింది. మిగిలింది ఐదు నిమిషాల పనేనని అప్పుడు అనుకున్నాను.

ఈ తరహా ఇంజన్లకు డ్రెయిన్ బోల్టు అడుగున, తల నేలవైపు చూసేలా ఉంటుంది. నా బండికున్న బోల్టు తల 17 మిల్లీమీటర్లు, మర 12 మిల్లీమీటర్ల వ్యాసంది. ఇంట్లో ఉన్న 17 నంబరు రింగ్ పానా చాలా పాతది, లోపలి పన్నెండు మూలలూ అరిగి ఉంది. దానిని తగిలించి, బండి పక్కన గొంతుకూర్చుని, పైనుంచి చూస్తూ, బోల్టు విప్పాలంటే అపసవ్య దిశలో తిప్పాలి కదా అన్న చిన్ననాటి పాఠం ప్రకారం బలంగా లాగాను. కదల్లేదు. పానాకు ఇనుప పైపు తొడిగి మళ్లీ లాగితే జర్రున జారి, నా వేళ్లు ఫుట్‌రెస్టుకు కొట్టుకున్నాయి. తర్వాత అడ్జస్టబుల్ స్పానర్ పెట్టి ప్రయత్నించాను. అది మరో రెండు మూలలను నున్నగా చెక్కేసింది.

తుప్పు పట్టిందేమోనని తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాను. ఈ ఉపాయం మనలో చాలామందికి మొదట తోచేదే కాబట్టి, ఇక్కడ అది ఎందుకు దండగో చెప్పడం అవసరం. డ్రెయిన్ బోల్టు తల కింద అల్యూమినియం వాషరు ఒకటి ఉంటుంది. లోపలి ఆయిల్‌ను బయటికి రానివ్వకుండా ఆపడమే దాని పని కాబట్టి, బయటి స్ప్రేను కూడా అది లోపలికి పోనివ్వదు. పైగా ఆ మరలు ఏళ్ల తరబడి ఇంజన్ ఆయిల్‌లోనే నానుతూ ఉంటాయి, వాటికి కొత్తగా నూనె పట్టించేదేమీ లేదు. సైలెన్సరు బోల్టుకో, చెయిన్ కవర్ బోల్టుకో ఉపకరించే మందు ఈ బోల్టుకు పనిచేయదు. దీని జబ్బు తుప్పు కాదు, మితిమీరిన బిగింపు.

ఆ బిగింపు ఎక్కడిదో ఊహించడం కష్టమేమీ కాదు. క్రితంసారి ఆయిల్ మార్పించిన చోట కుర్రవాడు పానా మీద కాలు పెట్టి తొక్కడం నేను కళ్లారా చూశాను, అప్పుడు అది శ్రద్ధలా కనిపించింది. ఇంత చిన్న ఇంజను డ్రెయిన్ బోల్టుకు సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. అంటే 20 సెంటీమీటర్ల పానా చివర దాదాపు పన్నెండున్నర కిలోల బలంతో లాగితే చాలు. అరవై కిలోల మనిషి అదే పానా చివర తన బరువంతా మోపి నిలబడితే 117 న్యూటన్ మీటర్లు దాటుతుంది. బోల్టు ఉక్కుది, దాన్ని పట్టుకున్న ఇంజను కేసు అల్యూమినియంది. ఈ రెండింటి పంతంలో ఎప్పుడూ నలిగేది కేసులోని మరలే.

సోమవారం సాయంత్రం మళ్లీ పైపు తొడిగి లాగుతుండగా, మా వీధిలో బోరు మోటార్లు బాగుచేసే పెద్దాయన గేటు దగ్గర ఆగి, రెండు నిమిషాలు చూసి, నిదానంగా అన్నాడు: "సారూ, ఏమనుకోకున్రి గానీ, మీరు బోల్టు ఇప్పుతలేరు, బిగిస్తున్నరు."

నేను ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం బోధిస్తాను. కుడిచేతి బొటనవేలి నియమాన్ని ఏటా పదో తరగతి పిల్లల చేత చేతులెత్తించి మరీ చెప్పించే మనిషిని. మామూలు మరలన్నీ కుడిచేతి మరలే కాబట్టి బొటనవేలును బోల్టు రావలసిన వైపుకు, అంటే నేలవైపుకు పెడితే, మిగిలిన నాలుగు వేళ్లు మడుచుకునే దిశే తిప్పవలసిన దిశ. పైనుంచి చూసేవారికి అది సవ్య దిశ. అపసవ్య దిశ అన్న పాఠం బోల్టు తలకు ఎదురుగా, అంటే ఇంజను కింద పడుకుని పైకి చూసేవారికి వర్తిస్తుంది. నేను రెండు రోజులపాటు, పైపు సాయంతో, ఆ కుర్రవాడు మిగిల్చిన పనిని పూర్తిచేస్తూ వచ్చాను. నవ్వు రావలసిన చోట నాకు చెమట పట్టింది.

ఇక మిగిలింది గుండ్రమైన తల. పెద్దాయన మొదట నన్ను ఏ పనిముట్టూ ముట్టనివ్వలేదు. జారిన ప్రతిసారీ తలలో కొంత లోహం పోతుందని, ఆ పోయిన లోహమే తరువాతి ఉపాయానికి కావలసిన పెట్టుబడి అని ఆయన లెక్క. అందుకే ముందుగా, ఎంత లోహం తీస్తున్నామో మన చేతిలోనే ఉండే ఆకురాయిని తెప్పించాడు. ఆరు ముఖాల మీదా ఒక్కొక్కదానిపై దాదాపు అర మిల్లీమీటరు చొప్పున రాకితే 17 తల 16 అవుతుంది. బండిని పక్కకు వాల్చి, సీటు కింద గోనెసంచి పెట్టి, ఇద్దరం వంతులవారీగా రాకేసరికి గంటన్నర గడిచింది. ఆ తల మీద 16 నంబరు ఆరు మూలల సాకెట్టును సుత్తితో కొట్టి బిగుతుగా ఎక్కించాడు. పన్నెండు మూలల పానా బోల్టు మూలల దగ్గరే పట్టుకుంటుంది, ఆ మూలలు పోయాక దానికి ఆధారం ఉండదు. ఆరు మూలల సాకెట్టు మాత్రం ముఖాల మీద కూడా ఆనుతుంది కాబట్టి అరిగిన తలను సైతం వదలదు.

సాకెట్టును అలాగే ఉంచి, బండిని నిలబెట్టి, పది నిమిషాలు ఇంజను నడిపించాం. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అరవై డిగ్రీల వేడి పెరిగితే 12 మిల్లీమీటర్ల రంధ్రం బోల్టు కంటే సుమారు 8 మైక్రాన్లు ఎక్కువ విప్పారుతుంది. వెంట్రుక మందంలో పదోవంతు మాత్రమే అయినా, ఒకదానినొకటి కరిచి పట్టుకున్న మరల మధ్య అది తక్కువేమీ కాదు. కాకపోతే ఆ వేడి ఆయిల్ చేతి మీద పడితే బొబ్బలెక్కుతాయి, అందుకు పొడవాటి హ్యాండిలూ, పక్కకు జరిగి కూర్చోవడమూ తప్పనిసరి. పెద్దాయన హ్యాండిల్ మీద సుత్తితో, ఈసారి సరైన దిశలో, చిన్న చిన్న దెబ్బలు వేశాడు. నాలుగో దెబ్బకు టక్కుమని శబ్దం వచ్చింది, ఆరో దెబ్బకు ఆయిల్ కారింది.

బోల్టు మరల సందుల్లో మెరిసే అల్యూమినియం తీగ రెండు చుట్లు చుట్టుకుని ఉంది. కేసు మర మిగతాది బాగానే ఉండడంతో ట్యాపు, అంటే రంధ్రంలో మరలు కోసే పనిముట్టు, కొట్టి శుభ్రం చేస్తే సరిపోయింది. రజను లోపల పడకుండా ట్యాపు గాళ్లలో గ్రీజు దట్టించి, తర్వాత చవక ఆయిల్ కొంత పైనుంచి పోసి కడిగాం. మర పూర్తిగా పోయి ఉంటే మిర్యాలగూడలో రైస్ మిల్లుల పనిమీద బతికే లేత్ షాపుల్లో ఏదో ఒకదానికి కేసు మోయవలసి వచ్చేది. బోల్టుకు రంధ్రం వేసి, విప్పే దిశలో తిప్పేకొద్దీ లోపలికి కరిచే ఎదురు మర పనిముట్టు దిగగొట్టి తీసే పద్ధతి గురించి నేను అడిగితే ఆయన ఒప్పుకోలేదు. ఆ పనిముట్టు గట్టిదే గానీ పెళుసు, లోపల విరిగితే డ్రిల్లుకు కూడా లొంగదు.

కొత్త బోల్టు, కొత్త వాషరు తెచ్చాను. బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచి లేదు గానీ, ఇంట్లో పత్తి తూచే వేలాడే కాటా ఉంది. దాని కొక్కాన్ని పానాకు బోల్టు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో తగిలించి, పానాకు లంబంగా లాగుతూ, ముల్లు పన్నెండున్నర దగ్గరికి రాగానే ఆపాను. చేతికి అది చాలా వదులుగా అనిపించింది, ఇంకో పావు చుట్టు తిప్పాలన్న కోరిక బలంగా కలిగింది. తిప్పలేదు. రాత్రి కింద పరిచిన పాత దినపత్రిక మీద తెల్లవారేసరికి ఒక్క చుక్క కూడా లేదు. ఆ పొద్దునే ఇంజను అడుగున, బోల్టు పక్కన, తెల్ల పెయింటుతో విప్పే దిశను చూపే బాణం గుర్తు గీశాను.