పసుపు మీద పసుపు

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున పెన్ హిల్స్ గుడికి పోయొచ్చాం. కార్తీకం కదా, కారు పెట్టుకునే చోటు దొరకడానికే ఇరవై నిమిషాలు పట్టింది. దర్శనం వరసలో నా ముందు ఒకాయన పంచె మీద మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ జెర్సీ వేసుకుని, చేతిలో అర్చన టికెట్‌తో నిలబడ్డాడు. ఎవరూ వింతగా చూడలేదు. పిట్స్‌బర్గ్‌లో అది పట్టుబట్టల కిందే లెక్క. వెంకన్న ఈ కొండెక్కింది 1970లలో. స్టీలర్స్ ఆరేళ్ళలో నాలుగు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) కొట్టింది కూడా ఆ రోజుల్లోనే. ఈ రెంటికీ సంబంధం ఉందని మా తోడల్లుడి వాదన. నేను కాదనను.

పులిహోర పొట్లాలు నాలుగు కట్టించుకున్నాం. ఒకటి పక్కింటి పెద్దాయనకి. ఆయన్ని మనవలు ‘పాప్’ అంటారు. ఈ చుట్టుపక్కల తాతల్ని అలాగే పిలుస్తారు. మావాడూ అదే నేర్చుకున్నాడు. ఆయన హోమ్‌స్టెడ్ ఉక్కు మిల్లులో పనిచేసి, 1986లో అది మూతపడ్డాక రకరకాల పనులు చేసి రిటైరయ్యాడు. ఆట ఉన్న ఆదివారం మా ఇంటికొస్తాడు, భుజాన స్టీలర్స్ అభిమానులు తిప్పే పసుపు టెరిబుల్ టవల్ వేసుకుని. ఆ తువ్వాలుని ఉతకకూడదట. ఉతికితే ఓడిపోతామట. మాకు మాత్రం లేవా ఇలాంటివి!

రెండో క్వార్టర్‌లో వచ్చింది గొడవ. థర్డ్ డౌన్, అంటే అవతలివాళ్ళకున్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది. మా లైన్‌బ్యాకర్ చుట్టు తిరిగి వచ్చి, బంతి విసిరే అవతలి క్వార్టర్‌బ్యాక్‌ని వాటేసుకుని పడేశాడు. అందరం లేచాం. పాప్ తువ్వాలు గిరగిరా తిప్పుతున్నాడు. ఇంతలో తెర మీద ఒక మూల ఇంకో పసుపు గుడ్డ. రెఫరీ జెండా, తప్పు పట్టాడన్నమాట. రఫింగ్ ద పాసర్, బంతి విసిరేవాణ్ణి మోటుగా కొట్టడం: ఒళ్ళంతా బరువేసి మీద పడ్డాడని. పదిహేను గజాలు, పైగా ఫస్ట్ డౌన్ ఉచితం, అంటే వాళ్ళకి మళ్ళీ మొదటినుంచి నాలుగు ప్రయత్నాలు.

లేచిన అరుపు గొంతులోనే నిలిచిపోవడం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. పెళ్ళిలో తాళి కట్టే వేళకి ఎవరో వచ్చి ముహూర్తం తప్పన్నట్టు. అభిమానుల కోపంలో సగం రూలు మీద కాదనీ, ఆ సగం అరుపు మీదేననీ నాకు చాలాకాలంగా అనుమానం. అరిచింది వెనక్కి తీసుకోవాలంటే ఎవరికైనా కష్టమే.

పాప్ తువ్వాలు టీవీ మీదకి విసిరాడు. తర్వాత మామూలు దండకం. క్వార్టర్‌బ్యాక్‌లకి గౌన్లు తొడగండి. (ఇది ఆయన సొంతం కాదు. ఆ కాలపు స్టీలర్స్ లైన్‌బ్యాకర్ జాక్ లాంబర్ట్ ఏనాడో అన్న మాట. ఈ ఊళ్ళో సామెతైపోయింది.) వెనకనుంచి నడుం పట్టి కాళ్ళ మీద కూలబడే హిప్-డ్రాప్ ట్యాకిల్ కూడా 2024లో తీసేశారు, మరెలా పట్టుకోవాలి, మర్యాదగా అడిగి ఆపాలా? ఆఖర్న, ఇంతకంటే జెండా ఫుట్‌బాల్ ఆడించుకోండి.

“నేనాడేది అదే, పాప్,” అన్నాడు మావాడు.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. ఆవిడకి ఆట పట్టదు. “ఏవండీ, మీద పడకపోతే ఇంకెక్కడ పడతాడు? గాల్లో ఆగుతాడా?” అంది. ఎనిమిదేళ్ళుగా అమెరికా అంతా అడుగుతున్నది ఇదే. పక్కకి దొర్లాలట, అన్నాను. దొర్లబోయి మయామీ ఆటగాడు విలియమ్ హేస్ మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు, ఈ రూలు బిగించిన 2018లోనే. ఆ మాట పాప్‌కి చెప్పలేదు, ఆయన దండకానికి ఇంకో చరణం ఎందుకని.

అసలు ఆ బిగింపు కథే తమాషా. 2017 అక్టోబర్‌లో మిన్నెసోటా ఆటగాడు ఆంథొనీ బార్ వచ్చి మీద పడితే గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రోజర్స్ కాలర్‌బోన్ విరిగింది. గ్రీన్ బే వాళ్ళు గగ్గోలు పెట్టారు. మరుసటి ఏడు రూలు గట్టిగా అమలు చేశారు. తీరా సెప్టెంబర్‌లో వరసగా జెండాలు పడింది గ్రీన్ బే వాడే అయిన క్లే మాథ్యూస్ మీద. అదే మిన్నెసోటాతో చేతికొచ్చిన ఆట అలాంటి ఒక జెండాతో జారి, 29–29 టై అయింది. అక్కడి జనం మళ్ళీ గగ్గోలు. ఆ రోజర్సే తర్వాత మా ఊరికొచ్చి ఆడాడు. అప్పుడు మాకు ఆ రూలు ఎంత ముద్దొచ్చిందో!

నేను ఈ ఊరొచ్చింది 2008లో, ఎమ్మెస్‌కి. ఈ ఊళ్ళోనే ఓక్లండ్ పేటలో నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. డౌన్ అంటే ఏమిటో, బంతి ఎందుకు ఆగిపోతుందో ఎవరికీ తెలీదు. తెలిసిందల్లా దెబ్బ. దానికి రూలు పుస్తకం అక్కర్లేదు. ఢీకొట్టిన చప్పుడు వినబడగానే నలుగురం ఒకేసారి “అబ్బా” అనేవాళ్ళం. ఆ అక్టోబర్‌లో మా హైన్స్ వార్డ్ పక్కనుంచి వచ్చి అడ్డుకున్న దెబ్బకి సిన్సినాటీ వాడి దవడ విరిగింది. మరుసటి ఏడు అలాంటి దెబ్బ నిషేధించారు. ‘హైన్స్ వార్డ్ రూల్’ అని మేం గర్వంగా చెప్పుకున్నాం, ఊరికి బిరుదొచ్చినట్టు. 2010లో జేమ్స్ హ్యారిసన్‌కి ఒక్క దెబ్బకి 75 వేల డాలర్ల జరిమానా వేశారు. ఆడడం మానేస్తానన్నాడతను. ఊరంతా అతని పక్షమే. నేనూ. అప్పుడు నా ఏడాది జీతం అంత లేదు.

మాది పుత్తూరు పక్క పల్లె. చెడుగుడులో చెయ్యి జారితే పుత్తూరు కట్టు ఉండనే ఉంది. గుడ్డు సొన, ఆకుపసరు, వెదురు బద్దలు. నా ఎడమ మోచెయ్యి అలా అతికిందే. విరిగింది అతుకుతుందన్న ధీమాతో పెరిగినవాణ్ణి. దెబ్బంటే నాకు కట్టుతో పోయేదే. తలకి కట్టు లేదన్న సంగతి నేను ఈ ఊళ్ళోనే తెలుసుకున్నాను.

ఈ ఆటలో ఆ సంగతి మొదట బయటపడింది కూడా ఈ ఊళ్ళోనే. మైక్ వెబ్‌స్టర్, నాలుగు సూపర్ బౌల్స్‌కీ స్టీలర్స్‌లో ఉన్నవాడు, 2002లో యాభయ్యేళ్ళకే పోయాడు. శవపరీక్ష చేసింది నైజీరియా నుంచి వచ్చిన డాక్టర్ బెనెట్ ఒమలు. ఆయనకి వెబ్‌స్టర్ ఎవరో తెలీదట. ఊళ్ళో ఆ పేరు తెలియనివాడు ఆయనొక్కడే అయ్యుంటాడు. బహుశా అందుకే మెదడుని మెదడులా చూడగలిగాడు. సీటీఈ (తలకి దెబ్బ మీద దెబ్బ తగిలి వచ్చే మెదడు జబ్బు) అని 2005లో రాస్తే, లీగ్ డాక్టర్లు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోమన్నారు.

పాప్ దగ్గర వెబ్‌స్టర్ మాటెత్తితే మంచు కురిసే రోజున కూడా చేతులకి ఏమీ లేకుండా, కండలు కనబడేలా నిలబడేవాడని చెప్తాడు. అక్కడితో ఆపేస్తాడు. చివరి రోజుల్లో ట్రక్కులో పడుకున్న వెబ్‌స్టర్ గురించి ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

ఇంకో రాత్రి ఉంది. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాసుకుంటాను. 2017 డిసెంబర్ 4, సోమవారం, సిన్సినాటీలో ఆట. మొదటి క్వార్టర్‌లో మా రయన్ షేజియర్ తల వంచి ట్యాకిల్ చేశాడు. పడ్డాడు. చెయ్యి నడుం మీదకి పోయింది, కాళ్ళు మాత్రం కదల్లేదు. ఇదే గది, ఇదే సోఫా. పాప్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. బండి మీద అతన్ని తీసుకెళ్ళేదాకా ఎవరం మాట్లాడలేదు.

అదే ఆటలో నాలుగో క్వార్టర్. మా జూజూ స్మిత్-షూస్టర్, తనని చూడకుండా వస్తున్న సిన్సినాటీ వాడు వాంటేజ్ బర్ఫిక్ట్‌ని ఎగిరి గుద్ది, పడినవాడి మీద నిలబడి చూశాడు. బర్ఫిక్ట్ అంటే మాకు పగ. జెండా పడింది, అతన్నీ బండి మీదే తీసుకెళ్ళారు. మేమిద్దరం లేచి చప్పట్లు కొట్టాం. మధ్యలో గడిచింది దాదాపు మూడు క్వార్టర్లే. పాప్ సంగతి సరే, ఆయన ఇక్కడ పుట్టి పెరిగినవాడు. నేనెందుకు లేచాను? మరుసటి వసంతంలో తల వంచి హెల్మెట్‌తో గుద్దితే పదిహేను గజాలని రూలొచ్చింది. షేజియర్ మళ్ళీ ఆడలేదు. ఆ ఆగస్టులో ప్రాక్టీసు ఆటల్లో జెండాలు పడుతుంటే, ఆట చంపేస్తున్నారని ఊరు మళ్ళీ తిట్టింది. నేను తిట్టలేదు. వద్దని ఎవరికీ చెప్పనూ లేదు.

ఈవేళ హాఫ్ టైమ్‌లో మావాడు తన జెండా బెల్టు తెచ్చాడు. నడుం చుట్టూ పటకా, అటూ ఇటూ వేలాడే రెండు ప్లాస్టిక్ పేలికలు. ట్యాకిల్ బదులు పేలిక లాగితే చాలు. ‘టప్’మని సీసా మూత ఊడినట్టు ఊడి వస్తుంది. పాప్‌ని పెరట్లోకి లాక్కెళ్ళాడు. ఆ ఎండుటాకుల్లో ఆయన మూడుసార్లు చెయ్యి చాపితే మూడుసార్లూ గాలే దొరికింది. నాలుగోసారి టప్. డెబ్బయ్యేళ్ళ మనిషి పేలిక తలపైన గిరగిరా తిప్పాడు, తువ్వాలు తిప్పినట్టే. 2028 ఒలింపిక్స్‌లో ఈ ఆట ఉందని మావాడు చెప్తే నమ్మలేదు. క్రికెట్ కూడా ఉందని నేనంటే అదింకా నమ్మలేదు.

కొత్త కికాఫ్ (బంతిని అవతలివాళ్ళకి తన్ని ఆట మొదలెట్టడం) మీద మాత్రం నేనూ ఆయనా ఏటా తగవు పడతాం. పాత పద్ధతిలో అటు పదిమంది నలభై గజాలు పరుగెత్తుకొచ్చి ఎదుటివాళ్ళని గుద్దేవాళ్ళు. 2024 నుంచి రెండు వరసలూ దగ్గర దగ్గరగా బొమ్మల్లా నిలబడి, బంతి కింద పడేదాకా, లేదా ఎవరో ముట్టుకునేదాకా కదలకూడదు. పరుగు లేదు కాబట్టి గుద్దుడులో జోరు తక్కువ. బొమ్మల కొలువని నేనే పేరు పెట్టాను, ఆయనకి అర్థం కాకపోయినా. కానీ అంతకుముందు చూసిందేమిటి? 2024 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఒక్క కికాఫ్‌ని కూడా ఎవరూ పట్టుకుని పరుగెత్తలేదు. ఇప్పుడు కనీసం పరుగు చూస్తున్నాం. ఈ రూలు తెచ్చినవాడికి నా తరఫున ఒక పొట్లం పులిహోర.

నాలుగో క్వార్టర్‌లో మా క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరాక ఎవడో వచ్చి తోశాడు. పాప్ సోఫాలోంచి లేచి, “జెండా ఏదీ!” అని గావుకేక. మావాడు నవ్వాపుకోలేక నేల మీద దొర్లాడు. ఆయనకీ నవ్వొచ్చింది, కానీ కూర్చోలేదు.

మూడు పాయింట్లతో గెలిచాం. రెండో క్వార్టర్ జెండా సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఓడుంటే బుధవారం దాకా అదే మాట.

ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక కాగితం వారంగా వేలాడుతోంది. వచ్చే ఏడాది మిడిల్ స్కూల్ ట్యాకిల్ జట్టుకి తల్లిదండ్రుల సంతకం. మా ఆవిడ చెయ్యనంది, ఒక్క ముక్కలో తేల్చేసింది. “నాన్నా, నువ్వు చెడుగుడు ఆడలేదా?” అంటాడు వాడు. ఈవేళ వెళ్ళేముందు నీళ్ళ సీసా తీసుకుంటూ పాప్ ఆ కాగితం చదివాడు, కళ్ళజోడు పెట్టుకుని మరీ. ఏమంటాడోనని చూశాను. ఫ్రిజ్ తలుపు మూసి, గుడ్ నైట్ చెప్పి పోయాడు.

తువ్వాలు మర్చిపోయాడు. టీవీ వెనకాల పడుంది. తీసి మడత పెడుతుంటే గుర్తొచ్చింది, మధ్యాహ్నం పులిహోర తిన్న చెయ్యి ఆయన దీనికే తుడుచుకున్నాడు. దీపం దగ్గరకి పట్టుకెళ్ళి మరక కోసం వెతికాను. పసుపు మీద పసుపు, ఎక్కడా కనబడలేదు. ఉతకకుండా అలాగే ఆయన వాకిట్లో కుర్చీ మీద పెట్టొచ్చాను.