తెలియని నంబర్

బల్గేరియా రాజధాని సోఫియాలో మూడు రోజులున్నాను గానీ చెప్పుకోదగ్గవి లేవు. చర్చిలు, ట్రాములు, చలి. అసలు నేను వెళ్లింది షూమెన్ అనే ఊరి కోసం. మనవాళ్లకి బల్గేరియా అంటే ‘ఆర్ఆర్ఆర్’లో ఎన్టీఆర్ పరుగెత్తిన అడవి. నాకు మాత్రం షూమెన్‌లో తీసిన ‘బ్లాగాస్ లెసన్స్’.

స్టెఫాన్ కొమాందారెవ్ తీసిన ఆ సినిమాకి 2023లో చెక్ దేశంలోని కార్లోవీ వారీ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి, క్రిస్టల్ గ్లోబ్ వచ్చింది. డెబ్భై ఏళ్ల రిటైర్డ్ టీచరమ్మ, పోలీసులమని ఫోన్ చేసినవాళ్లని నమ్మి, భర్త సమాధి కోసం దాచుకున్న డబ్బంతా బాల్కనీలోంచి కిందికి విసిరేస్తుంది. అక్కడ ఆపేసి, మర్నాడు చూశాను మిగతాది. అంతకు నాలుగు నెలల ముందే తెనాలిలో మా నాన్న, ‘ఈ రాత్రికి మీ కరెంటు కట్’ అని వచ్చిన మెసేజ్ నమ్మి నలభై ఎనిమిది వేలు పోగొట్టుకున్నారు. ఫోన్లో ఆయన మీద నేను అరిచిన అరుపులు ఇప్పుడు రాయలేను.

2024 అక్టోబర్. బస్ టికెట్ నలభై లెవాల దాకా పడింది, అంటే మనకి పద్దెనిమిది వందల పైనే. పోనీ రోడ్డు బాగుంటుందా అంటే, 1974లో మొదలుపెట్టిన హేమస్ హైవే ఇంకా పూర్తి కాలేదు. సగం దారి లారీల వెనకాలే. మధ్యలో ఆపిన చోట బాత్రూమ్‌కి ఒక లెవ్. నలభై ఆరు రూపాయలు! మన బస్టాండ్లలో ఐదు రూపాయలకి గొడవ పడే నేను, గుమ్మం దగ్గర కూర్చున్న ఆవిడ చేతిలో బుద్ధిగా పెట్టాను.

పక్క సీట్లో ఒక మామ్మగారు. ఒళ్లో గుడ్డసంచి, అందులో అక్రోట్లు. రెండు అక్రోట్లు ఒకే గుప్పిట్లో పెట్టి నొక్కితే ఒకటి పగిలేది. పగిలిన దాని పప్పు నాకు, ముక్కలు తనకి. చేతిలో బటన్ల ఫోన్. దాని వెనక టేపు వేసి అంటించిన కాగితం మీద, సిరా అలికిపోయి, ఒక నంబర్. కొడుకుదట, స్పెయిన్‌లో ఉంటాడట. ఇదంతా నా ఫోన్లోని ట్రాన్స్‌లేషన్ యాప్ పుణ్యం. ఆ యాప్ ఆవిడ మాటల్ని ఒకసారి ‘నా కొడుకు టమాటా’ అని కూడా చెప్పింది. టమాటా తోటలో పనేమో అనుకున్నాను.

మధ్యలో ఆవిడ ఫోన్ మోగింది. కళ్లకి దూరంగా పట్టుకుని నంబర్ చూసి, కట్ చేసి, సంచిలో అక్రోట్ల అడుగున పెట్టేసింది. మళ్లీ మోగింది. సంచి మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది, అది ఆగేదాకా.

అప్పుడు అడిగాను ఆ సినిమా గురించి. పేరు చెబితే తెలియలేదు. హీరోయిన్ పేరు చెప్పాను, ఎలీ స్కోర్చెవా అని. తల అడ్డంగా ఊపింది. సరే తెలియదు కాబోలని ఊరుకున్నాను. ఆవిడ ఇంకా గట్టిగా అడ్డంగా ఊపుతూ నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇక్కడ అడ్డంగా ఊపితే అవునని.

ఎనభైల్లో ఆ హీరోయిన్ అంటే పడిచచ్చేవారట. తర్వాత ముప్పై ఏళ్లు సినిమాలకి దూరంగా ఉండి, ఈ సినిమాతో తిరిగొచ్చింది. కార్లోవీ వారీలోనే ఉత్తమ నటి బహుమతి కూడా తీసుకుంది. మా అమ్మ వాణిశ్రీ గురించి చెప్పేటప్పుడు ముఖం ఎలా వెలిగేదో, మామ్మగారి ముఖం అలా అయింది. నా ఫోన్లో స్కోర్చెవా ఇప్పటి ఫొటో చూపించాను. చాలాసేపు చూసింది. యాప్ చెప్పింది: “ఎంత అందగత్తె. ముసలిదాన్ని చేసేశారు.” బహుమతి సంగతి పట్టించుకోలేదు.

బస్సులో ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. దాదాపు అన్నీ నెరిసిన తలలే. ఎనభైల చివర దాదాపు తొంభై లక్షలున్న దేశ జనాభా 2021 నాటికి అరవై ఐదు లక్షలకి దిగింది. 2016లో లొకార్నో ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి గోల్డెన్ లెపర్డ్ గెలిచిన, ఇక్కడి దర్శకురాలు రాలిత్సా పెట్రోవా తీసిన ‘గాడ్‌లెస్’లోనూ, మతిమరుపు వచ్చిన ముసలివాళ్ల గుర్తింపు కార్డులు కొట్టేసి అమ్ముకునే నర్సే కథ. 2019లో క్రిస్టల్ గ్లోబ్ గెలిచిన ఇక్కడి సినిమా ‘ద ఫాదర్’లో భార్య పోయిన పెద్దాయన; చనిపోయినావిడ దగ్గర్నుంచి ఫోన్ వచ్చిందని పక్కింటామె అంటుంది. అందులోనూ ఫోనే. జ్యూరీలకి ఇలాంటివే నచ్చుతాయని ఇదివరకు విసుక్కునేవాణ్ణి.

షూమెన్‌లో దిగాక మామ్మగారు మిగిలిన అక్రోట్లు నా జేబులో పోసి వెళ్లిపోయింది. ఊరి మీద, కొండ నెత్తిన, బల్గేరియా రాజ్యానికి 1300 ఏళ్లు నిండాయని 1981లో కట్టిన కాంక్రీట్ స్మారకం. మెట్లు కూడా 1300 అట. అలిపిరి ఎక్కినవాణ్ణి, ఇదెంతలే అనుకున్నాను. సగంలోనే కూలబడ్డాను.

అక్కణ్ణించి ఊరు చూపిద్దామని నాన్నకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. నెట్ అందలేదు. ఎయిర్‌పోర్టులో కొన్న లోకల్ సిమ్‌తో మామూలు కాల్ చేశాను. రెండు రింగులకి కట్. మళ్లీ చేశాను. ఈసారి ఒక్క రింగుకే కట్. తెలియని నంబర్ వస్తే ఎత్తొద్దని ఆయనకి చెప్పింది నేనే. జేబులోంచి రెండు అక్రోట్లు తీసి గుప్పిట్లో పెట్టి నొక్కాను. పగల్లేదు.